కెన్యా సఫారీ, తర్వాత సముద్రం ఒడ్డున కొన్ని రోజులు: నాన్నగారి షష్టిపూర్తి ప్రయాణానికి సలహాలు కావాలి

గోదారిగట్టు
ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, నా ఉద్యోగం హైదరాబాద్‌లో. ఈ ఆగస్టు మొదటి వారంలో నాన్నగారికి అరవై నిండుతాయి. షష్టిపూర్తి ఇంటి దగ్గర చేసుకుని, ఆ వెంటనే అమ్మానాన్నల్ని కెన్యా తీసుకెళ్లాలని నా కోరిక. నాన్న చిన్నప్పుడు గేదెలు కాసిన మనిషి. టీవీలో అడవి జంతువులు కనిపిస్తే అన్నం చల్లారిపోతున్నా కుర్చీలోంచి లేవరు.

మొత్తం ఐదుగురం. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, పూర్తి శాకాహారి. ఏజెంటు ఇచ్చిన తొమ్మిది రాత్రుల ప్లాన్ ఇది: నైరోబీ 1, అంబోసెలి 1, నైవాషా 1, నకురు 1, మసాయి మారా 2, మళ్లీ నైరోబీ 1, జాంజిబార్ 2. చూసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇది అమ్మానాన్నలకు సరిపడుతుందో లేదో చెప్పండి.

కెమెరా_భుజాన
ఫిబ్రవరి 9, రాత్రి 10:25

ముందుగా నాన్నగారికి నా నమస్కారాలు. నేను మారాకు, అంటే మసాయి మారా వన్యప్రాణుల రిజర్వుకు, రెండుసార్లు వెళ్లొచ్చాను. మీ ప్లాన్‌లో జంతువులకంటే రోడ్డే ఎక్కువ కనిపిస్తోందండీ. నైరోబీ నుంచి మారాకే ఐదారు గంటలు. అంబోసెలి అటు దక్షిణాన, టాంజానియా సరిహద్దు దగ్గర. నైవాషా, నకురు ఇటు వాయవ్యంగా. రోజూ పెట్టె సర్దడం, బండెక్కడం, దిగడం. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి ఇది శిక్ష.

ఇంకో మాట. మారాలో రెండు రాత్రులంటే చేతికొచ్చేది ఒక్క నిండు రోజే. మొదటి రోజు చేరేసరికి మధ్యాహ్నం, మూడో రోజు పొద్దున్నే బయల్దేరాలి. ఆ ఒక్క రోజు వాన పడిందా, సింహాలు, చిరుతలు పొదల్లోంచి రాలేదా, ఇక అంతే. నాలుగు రాత్రులుంటే అసలు ఆ టెన్షనే ఉండదు. మొదటి రోజు సింహం కనిపించకపోయినా రేపుంది, ఎల్లుండి ఉంది. అంబోసెలి, నకురు, నైవాషా మూడూ తీసేసి ఆ రాత్రులు మారాకు ఇవ్వండి. అంబోసెలి నుంచి కనిపించే కిలిమంజారో కొండ ఇంకోసారి చూద్దురు.

సముద్రం చివర్లో పెట్టుకోవడం మాత్రం చాలా మంచి ఆలోచన. సఫారీలో చీకటి ఉండగానే లేవాలి. ఆరింటికల్లా బండిలో ఉండాలి, పది పదకొండుకు తిరిగి రావాలి, భోజనం చేసి కాస్త నడుం వాల్చి మళ్లీ నాలుగింటికి బయటికి. నాలుగు రోజులయ్యేసరికి తల నిండా దుమ్ము, ఒళ్లంతా నొప్పులు. ఆ తర్వాత సముద్రపు నీళ్లు ఎంత హాయో అప్పుడు తెలుస్తుంది.

పార్క్‌లాండ్స్_తెలుగు
ఫిబ్రవరి 10, ఉదయం 11:05

నేను నైరోబీలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. పైన చెప్పిన ప్రతి మాటా నిజం. నేను చెప్పదలచుకున్నది జాంజిబార్ గురించి.

జాంజిబార్ అందమైన చోటే. కానీ అది టాంజానియాలోని దీవి, అంటే వేరే దేశం. టాంజానియా వీసా విడిగా తీసుకోవాలి, 2024 అక్టోబర్ నుంచి వచ్చేవాళ్లందరికీ అక్కడి ఇన్సూరెన్స్ తప్పనిసరి చేశారు, అది తలకు 44 డాలర్లు. ఇమిగ్రేషన్ క్యూలు రెండుసార్లు. రెండు రాత్రుల కోసం ఇంత అవసరమా? కెన్యాలోనే మొంబాసాకు దక్షిణంగా డియాని ఉంది. పిండి లాంటి తెల్లటి ఇసుక, ఒడ్డుకు కొంత దూరంలో పగడపు దిబ్బ. పెద్ద అలల్ని ఆ దిబ్బే ఆపేస్తుంది.

కెన్యాకు వీసా తీసేసి 2024 జనవరి నుంచి ఈటీఏ, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, పెట్టారు. ఆన్‌లైన్‌లో సుమారు 30 డాలర్లు. పాపకు కూడా తీసుకోవాలి, మర్చిపోకండి.

మారా ప్రవేశ రుసుము ఏజెంటు చెప్పిన ధరలో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. 2024 నుంచి బయటి దేశాల పెద్దవాళ్లకు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200. తొమ్మిది నుంచి పదిహేడేళ్ల పిల్లలకు 50. అంటే ఆగస్టులో మీ ఐదుగురికి రోజుకు 850, నాలుగు రోజులకు 3,400 డాలర్లు. ఇది బస, బండి, తిండి కాకుండా. టికెట్ పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. లోపల బస చేసినవాళ్లు చివరి రోజు పదింటిలోపు గేటు దాటకపోతే ఇంకో రోజు డబ్బు కట్టాలి.

ఓరుగల్లు_బాటసారి
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:50

గేటు మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్తాను. మేం రెండేళ్ల కింద వెళ్లినం. ఏజెంటు "మారా లోపల క్యాంప్" అన్నడు. తీరా పోతే క్యాంప్ గేటుకు బయట, అక్కడి నుంచి నలభై నిమిషాల గతుకుల బాట. పొద్దున్నే గేటు దగ్గర బండ్ల వరుస. మేం లోపలికి పోయేసరికి ఎండెక్కింది, సింహాలు నీడకు పడుకున్నయి. అడిగితే "మారా అంటే ఆ ఏరియా మొత్తం సార్" అని జవాబు. నా భార్య ఆ రోజు ఎంత బాధపడ్డదో నాకింకా గుర్తుంది.

బయటి క్యాంప్ అయితే తప్పేం లేదు, ధర తక్కువ. కానీ ఆ సంగతి ముందే తెలియాలి. క్యాంప్ పేరు, ఏ గేటుకు దగ్గర, సెకెనానికా, తాలెక్‌కా, ఒలోలోలోకా, గేటుకు ఎన్ని నిమిషాలు, ఇవన్నీ అడిగి మ్యాప్‌లో మీరే చూసుకోండి. బండి సంగతి కూడా అడగండి. పైకప్పు లేచే వ్యాన్ ఒకటుంటది, ల్యాండ్ క్రూజర్ ఒకటుంటది. ఐదుగురికి కలిపి ల్యాండ్ క్రూజర్ మాట్లాడుకోండి. అమ్మగారిని మధ్య వరుసలో కూర్చోబెట్టండి, వెనక చక్రాల మీద కుదుపు ఎక్కువ. మెట్టు ఎత్తుగా ఉంటది, ఒక చిన్న పీట పెట్టమని డ్రైవర్‌కు చెప్పండి.

మందులడబ్బా
ఫిబ్రవరి 10, రాత్రి 8:15

నేను డాక్టర్‌ని. టికెట్లు కొనకముందే ఇది చదవండి.

భారత్ ఆరోగ్య శాఖ జాబితాలో కెన్యా యెల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే ప్రమాదకరమైన జ్వరం) ఉన్న దేశం. టీకా సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు, 2016 నుంచి నిబంధన అలా మారింది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, పాస్‌పోర్ట్ వెంట తీసుకెళ్లాలి.

అసలు విషయం నాన్నగారి వయసు. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. అరవై దాటినవాళ్లకు మొదటిసారి వేస్తే తీవ్రమైన దుష్ప్రభావాలు, అరుదే అయినా, చిన్నవాళ్లకంటే ఎక్కువ. అరవై అనేది గీత గీసినట్టు కాదు, ఆరోగ్యాన్ని బట్టి డాక్టర్ తూచి చెప్పాల్సిన విషయం. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నారా, థైమస్ గ్రంథి జబ్బు ఏదైనా ఉందా, గుడ్డు అంటే తీవ్రమైన ఎలర్జీ ఉందా, ఈ మూడూ తప్పక చెప్పాలి. అమ్మానాన్నలిద్దరినీ ఈ నెలలోనే చూపించండి. డాక్టర్ వద్దంటే ప్రయాణం గురించి మళ్లీ ఆలోచించాలి, అప్పటికి డబ్బు కట్టేసి ఉండకూడదు.

మలేరియా రెండోది. నైరోబీ నగరంలో తక్కువే, మారాలోనూ తీరంలోనూ ఉంది. అది రాకుండా వేసుకునే మాత్రలు రెండు మూడు రకాలు. డాక్సీసైక్లిన్ అయితే ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, తిరిగొచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. పైగా సముద్రం ఒడ్డుకు వెళ్తున్నారు. అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ తిరిగొచ్చాక ఏడు రోజులు చాలు, కానీ ఖరీదెక్కువ. పాపకు బరువును బట్టి డోసు. మాత్ర వేసుకున్నా సాయంత్రమయ్యేసరికి చేతులు కాళ్లు కప్పే బట్టలు ఉండాలి. తిరిగొచ్చాక ఎప్పుడైనా జ్వరం వస్తే "ఆఫ్రికా వెళ్లొచ్చాం" అని మొదటి మాటగా డాక్టర్‌కు చెప్పండి.

గోదారిగట్టు
ఫిబ్రవరి 11, ఉదయం 7:30

డాక్టర్ గారూ, ఏజెంటు ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. శనివారం ఇద్దరినీ చూపిస్తాను. అందాకా అడ్వాన్స్ ఆపేశాను.

సింధుజ_ట్రావెల్స్_కాదు
ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 12:10

అందరూ ఆగస్టు ఆగస్టు అంటున్నారు, నాదొక మాట. వలస వచ్చే జంతువుల మందలు మారా నది దాటడం చూడాలని జనం అంతా అప్పుడే వస్తారు. మేం ఫిబ్రవరిలో వెళ్లాం. రుసుము సగం, గడ్డి పచ్చగా, చిరుత వేట దగ్గర మా బండి తప్ప ఇంకోటి లేదు. మారాలో సింహాలు, ఏనుగులు, చీతాలు ఏడాది పొడవునా ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు. వలస ఒక్కటే చూడాలనుకుంటే తప్ప రెట్టింపు డబ్బు పెట్టనక్కర్లేదు.

కెమెరా_భుజాన
ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 2:35

మీ మాట కాదనను. కానీ పది లక్షలకు పైగా వైల్డెబీస్ట్‌లు (ఎద్దుల్లా కనిపించే అడవి జంతువులు), వాటితో లక్షల్లో జీబ్రాలు టాంజానియాలోని సెరెంగెటి నుంచి గడ్డి వెతుక్కుంటూ వచ్చి మారా నది దాటడం ఇంకెక్కడా కనిపించదు. అది జులై చివరి నుంచి అక్టోబర్ దాకానే. అరవై ఏళ్లు నిండిన మనిషిని ఒక్కసారి తీసుకెళ్తున్నప్పుడు నేనైతే ఆగస్టే అంటాను. గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. ఒడ్డుదాకా వచ్చి రెండు రోజులు నిలబడి వెనక్కి పోయిన మందల్ని చూశాను. నాలుగు రాత్రులు అన్నది అందుకే.

జనం తక్కువ కావాలంటే రిజర్వును ఆనుకుని కన్సర్వెన్సీలున్నాయి. అక్కడి మసాయి తెగవాళ్లు తమ సొంత భూముల్ని క్యాంపులకు కౌలుకిస్తారు, ఆ అద్దె వాళ్ల కుటుంబాలకు అందుతుంది. అక్కడ బండ్లు లెక్క ప్రకారమే ఉంటాయి, రాత్రి కూడా తిప్పుతారు. రిజర్వులో రాత్రి తిరగనివ్వరు.

లక్ష్మీపురం_అమ్మాయి
ఫిబ్రవరి 11, సాయంత్రం 6:20

ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా బండిలో అంటే ఆడవాళ్లకు బాత్రూమ్ సంగతి ఏమిటి? అమ్మగారి వయసువాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది.

పార్క్‌లాండ్స్_తెలుగు
ఫిబ్రవరి 11, సాయంత్రం 7:00

మంచి ప్రశ్న అమ్మా. గేట్ల దగ్గర, లోపలి లాడ్జీల దగ్గర, ఎయిర్‌స్ట్రిప్‌ల దగ్గర టాయిలెట్లు ఉంటాయి. మొదటి రోజే డ్రైవర్‌తో మొహమాటం లేకుండా చెప్పేస్తే ఆయన దాన్నిబట్టి దారి వేసుకుంటారు. మధ్యలో తప్పనిసరైతే ఆయన చుట్టూ చూసి, ఏ జంతువూ లేదని రూఢి చేసుకుని బండి వెనక దించుతారు. సొంతంగా మాత్రం దిగకూడదు. భయపడి నీళ్లు తాగడం మానేయకండి, ఎండకు తల తిరుగుతుంది.

నీళ్లంటే గుర్తొచ్చింది. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ కవర్లు నిషేధం, 2020 నుంచి పార్కుల్లోకి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా తేకూడదు. మన ఇళ్లలో ఏది సర్దినా కవర్లోనే కదా. పచ్చళ్లు, పొడులు స్టీలు డబ్బాల్లో, గుడ్డ సంచుల్లో పెట్టండి. తలా ఒక స్టీలు సీసా తెచ్చుకోండి.

గోదారిగట్టు
మార్చి 2, రాత్రి 9:10

డాక్టర్ పరీక్షలు చేసి అమ్మానాన్నలిద్దరికీ సరేనన్నారు. నారాయణగూడలో ఐదుగురం టీకా వేయించుకున్నాం. నాన్నకు ఒక రోజు ఒళ్లు నొప్పులు, అంతే. ఒక రోజు సెలవు పెంచుకుని ప్లాన్ మార్చేశాను: నైరోబీ 1, మారా 4, నైరోబీ 1, డియాని 4. మొత్తం పది రాత్రులు, ఒక్క దేశం, మూడే చోట్లు.

నైరోబీ నుంచి డియానికి విమానమా, రైలా?

పార్క్‌లాండ్స్_తెలుగు
మార్చి 3, ఉదయం 10:45

విమానమైతే విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఉకుండాకు, అంటే డియాని పక్కకే దిగుతారు. చిన్న విమానాలు, సామాను 15 కిలోలే, మెత్తటి బ్యాగులు ఉండాలి. తొందర లేకపోతే నేను రైలే అంటాను.

ఈ దారిలో మనవాళ్ల చెమట ఉంది. బ్రిటిష్‌వాళ్లు 1896లో మొంబాసా నుంచి పాత లైను వేయడం మొదలుపెట్టి, 1901కి విక్టోరియా సరస్సు దాకా తెచ్చారు. ఆ పనికి అప్పటి ఇండియా నుంచి 32 వేల మంది దాకా కూలీల్ని ఓడల్లో తెచ్చారు, వాళ్లలో ఎక్కువమంది పంజాబ్ వైపువాళ్లు. దాదాపు 2,500 మంది తిరిగి ఇల్లు చూడలేదు. 1898లో సావో నది మీద వంతెన కడుతుంటే రెండు సింహాలు రాత్రుళ్లు డేరాల్లోంచి మనుషుల్ని ఈడ్చుకుపోయాయి. 2017లో మొదలైన కొత్త రైలు కూడా అదే సావో మీదుగా వెళ్తుంది. ఏనుగులు కిందినుంచి దాటేలా కట్టను ఎత్తుగా కట్టి దారులు వదిలారు. కిటికీలోంచి చూస్తూ కూర్చోండి, అక్కడి ఏనుగులు ఎర్రమట్టి పులుముకుని ఎర్రగా ఉంటాయి.

స్టేషన్‌కు గంటన్నర ముందు చేరండి. సామానంతా నేలమీద వరుసగా పెట్టించి కుక్కలతో వాసన చూపిస్తారు, పాప భయపడకుండా ముందే చెప్పండి. మొంబాసా స్టేషన్ నుంచి ఇప్పుడు డోంగో కుండు బైపాస్ ఉంది, లికోని ఫెర్రీ కోసం గంటలు గంటలు నిలబడే పని తప్పింది.

గోదారిగట్టు
ఆగస్టు 30, రాత్రి 10:15

వెళ్లొచ్చాం. మీరందరూ ఇన్ని చెప్పారు కాబట్టి, ఎలా జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మారాలో మొదటి రెండు రోజులు సింహాలు, ఏనుగులు, ఒక చీతా, దాని మూడు పిల్లలు. చీతా దగ్గర మాకంటే ముందే ఐదు బండ్లున్నాయి. మా డ్రైవర్ దూరంగా ఆపి, "వాళ్లు కదిలాకే మనం" అన్నాడు. కొందరు డ్రైవర్లు ఆగలేదు, నేరుగా చొచ్చుకుపోయారు. మాకు ఆలస్యమైనా ఆయన చేసిందే నాకు నచ్చింది, దిగేటప్పుడు ఆ మాటే చెప్పాను.

నది దాటడం మూడో రోజు. తొమ్మిదింటికి ఒడ్డుకు చేరాం. అవతల గట్టుమీద నల్లగా మంద. ముందు వరుస నీళ్లదాకా దిగుతుంది, వాసన చూస్తుంది, ఎందుకో ఉలిక్కిపడి దుమ్ము లేపుకుంటూ మొత్తం వెనక్కి పరిగెడుతుంది. మళ్లీ వస్తుంది. ఇలా రెండున్నర గంటలు. పాప నిద్రపోయింది. నాన్న మాత్రం బైనాక్యులర్ దించలేదు. "దూడలున్నాయిరా, అందుకే జంకుతున్నాయి. ఒకటి దిగితే చాలు" అన్నారు. పదకొండున్నరకు ఒక జీబ్రా దిగింది. దాని వెనక వైల్డెబీస్ట్‌లు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు దూకాయి. నీళ్లు కనపడలేదు, కొమ్ములు, తలలే. ఆ అరుపులు కప్పలూ ఎడ్లూ కలిసి అరిచినట్టున్నాయి. ఒకచోట మొసలి ఒక దూడ కాలు పట్టింది, అది గుంజుకుని ఎలాగో గట్టెక్కింది. మా పక్కనే పైకొచ్చి, కుంటుతూ, తల్లి కోసం అరుస్తూ తిరిగింది. నాన్న మాట్లాడలేదు. మంద అంతా ఇవతలికి వచ్చేసినా ఆ దూడనే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఒక ఆడ వైల్డెబీస్ట్ వెనక్కి తిరిగొచ్చి దాన్ని మూతితో వాసన చూసింది, దూడ పొదుగు కిందికి దూరింది. అప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "కాలవలో మన గేదెలు దాటేటప్పుడు నేనూ ఇలాగే లెక్కపెట్టుకునేవాణ్ణి" అన్నారు. ఆ కాలవ గట్టు సంగతులు నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి క్యాంప్‌లో మంట దగ్గర కూర్చుని పాపకు అన్నీ చెప్పారు.

తిండికి ఇబ్బంది పడలేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంకటే. సుకుమా వికి అని ఒక ఆకుకూర, ఉల్లిపాయ, టమాటా వేసి వేయిస్తారు. అమ్మ ఆ రెండింట్లో తన ఆవకాయ కలుపుకుని తృప్తిగా తింది. వంటాయన వచ్చి ఏమిటని అడిగి, రుచి చూసి, "అచారి" అన్నాడు. స్వాహిలీలో పచ్చడిని అలాగే అంటారట. సగం డబ్బా ఆయనకే ఇచ్చొచ్చింది.

రైల్లో పాప ఎర్ర ఏనుగులు పద్నాలుగు లెక్కపెట్టింది.

ఇక డియాని. ఆగస్టులో అక్కడ దక్షిణపు గాలి, కూసి అంటారు, అది గట్టిగానే వీస్తుంది. ఒడ్డుకు కొంత నాచు కొట్టుకొస్తుంది. నీళ్లు అద్దంలా ఉంటాయనుకుని వెళ్లొద్దు, అలా కావాలంటే జనవరి, ఫిబ్రవరి. మాకు అది లోటనిపించలేదు. మొదటి రోజు ఎవరం ఏమీ చేయలేదు, పడుకున్నాం. గది ముందు బాదం చెట్టు మీద నలుపూ తెలుపూ కొలొబస్ కోతులు, భుజాలనుంచి తెల్లటి జులపాలు వేలాడుతూ. అవి రోడ్డు దాటడానికి తాళ్ల వంతెనలు కట్టి ఉన్నాయి, పాప వాటి కిందే నిలబడి ఎదురుచూసేది.

పొద్దున్న నీళ్లు వెనక్కి పోయినప్పుడు పగడపు దిబ్బ వైపు చాలా దూరం నడవచ్చు. అమ్మ రబ్బరు చెప్పులేసుకుని, చీర మడమలపైకి దోపుకుని, నా చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చింది. మడుగుల్లో ఎర్రటి నక్షత్రచేప, నల్లటి ముళ్ల కాయల్లాంటి సముద్రపు ఉర్చిన్లు. చెప్పుల్లేకుండా నడిస్తే ఆ ముళ్లు గుచ్చుకుంటాయి, జాగ్రత్త. అమ్మ ఒక మడుగులో కాళ్లు పెట్టి రాయిమీద అరగంట కూర్చుంది. ఉప్పునీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. "మోకాళ్లు నావి కానట్టున్నాయిరా" అంది. తర్వాతి మూడు రోజులూ అందరికంటే ముందు లేచి నన్ను లేపింది తనే.

మందులడబ్బా
ఆగస్టు 31, ఉదయం 6:50

చదువుతుంటే కళ్లు చెమర్చాయండీ. తిరుగు ప్రయాణంలో యెల్లో ఫీవర్ కార్డులు అడిగారా? మలేరియా మాత్రలు ఇంకా నడుస్తున్నాయా?

గోదారిగట్టు
ఆగస్టు 31, ఉదయం 8:05

ముంబైలో ఐదుగురివీ అడిగి చూశారు. పాస్‌పోర్ట్‌తోపాటు చేతిసంచిలోనే పెట్టుకున్నాం కాబట్టి రెండు నిమిషాల్లో అయిపోయింది. మా వెనక ఒక కుటుంబం కార్డు చెక్-ఇన్ పెట్టెలో ఉందని చాలాసేపు బతిమాలుకోవాల్సి వచ్చింది. మాత్రలు రేపటితో ఆఖరు, ఒక్క పూట కూడా మానలేదు.

లక్ష్మీపురం_అమ్మాయి
ఆగస్టు 31, మధ్యాహ్నం 1:20

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మేం డిసెంబర్‌లో అత్తయ్యగారితో డియాని వెళ్తున్నాం. నీళ్లు ఎప్పుడు వెనక్కి పోతాయో ముందుగా ఎలా తెలుస్తుంది? రోజూ ఒకే వేళకా?

గోదారిగట్టు
ఆగస్టు 31, మధ్యాహ్నం 2:00

ఒకే వేళకు కాదండీ, రోజూ ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. హోటల్లో రిసెప్షన్ దగ్గర ఆటుపోట్ల వేళలు పలక మీద రాసి పెడతారు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్లు బాగా దూరం పోతాయి, ఆ రోజుల్లో అక్కడ పొద్దున్న పదీ పదకొండు మధ్య ఆటు. మేమున్న చివరి రోజులు అమావాస్యవి. నాన్న జేబు పంచాంగం వెంట తెచ్చుకున్నారు, మా అందరికంటే ముందు ఆయనే చెప్పేశారు. మీరు గదులు బుక్ చేసే ముందు డిసెంబర్ క్యాలెండర్‌లో తిథులు చూసుకోండి. నీళ్లు తిరిగి ఎక్కడం మొదలైతే వేగంగా వచ్చేస్తాయి, అత్తయ్యగారితో అయితే పలక మీది వేళకు అరగంట ముందే బయల్దేరి, నీళ్లు తిరిగేలోపే వెనక్కి నడవండి.